కడిగిన నెయ్యి

మా పెద్దమ్మ లిదియమ్మ ఆత్మకూరులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. పొద్దున లేస్తే పెద్ద పెద్ద గుండిగలు పొయ్యి మీదికెక్కించడం, దించడం. ఆ పని చేసేవాళ్లకు మోచేతుల కింద కాలని చోటు ఉండదు, ఆమెకూ ఉండేది కాదు. అయితే ఆమెకు కాలిన చోట చర్మం ముడుచుకుపోయేది కాదు. నాలుగు రోజులు ఎర్రగా ఉండి మెల్లగా కలిసిపోయేది. అందుకు కారణం ఆమె అలమరలో ఎప్పుడూ ఉండే కడిగిన నెయ్యి.

ఇందులో రహస్యమేమీ లేదు. పేరుకున్న ఆవు నెయ్యిని వెడల్పాటి పింగాణీ గిన్నెలో వేసి, చల్లటి నీళ్లు పోసి, అరచేత్తో రుద్దాలి. ఆ నీళ్లు వంచేసి మళ్లీ పోయాలి, మళ్లీ రుద్దాలి. భుజం పడిపోయేదాకా అదే పని. మెల్లగా నెయ్యిలోని పసుపు రంగు పోతుంది, తర్వాత వాసన పోతుంది, చివరికి జిడ్డు కూడా పోయి తెల్లగా, నురగలా మెత్తటిది మిగులుతుంది. కాలిన చోట, ఒరుసుకున్న చోట రాస్తే చల్లగా ఉంటుంది, చురుక్కుమనదు. అందులో ఏ ఆకు పసరూ, ఏ పొడీ కలపదు. కలపమని ఎవరైనా సలహా ఇస్తే, "నీ కూరలో కలుపుకో పో" అనేది.

దీన్నిబట్టి ఆమెను ఓపిక గల మనిషి అనుకునేరు. మహా కోపిష్టి. పప్పులో ఉప్పు తక్కువైందన్న వార్డెనమ్మకు గరిటె చేతికిచ్చి, "రేపట్నించి నువ్వే వండు" అన్న మనిషి. నెయ్యి కడిగేటప్పుడు మాత్రం మాట్లాడేది కాదు. అందుకే ఆమె నెయ్యి కడగడానికి కూర్చుంటే ఇంట్లో మేమందరం ఊపిరి పీల్చుకునేవాళ్లం.

తొంభై ఆరు మే నెలలో హాస్టల్‌కు సెలవులిచ్చారు. నేను బి.ఇడి. పరీక్షలు రాసేసి పెద్దమ్మ దగ్గరికొచ్చి ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే మునెయ్య అనే ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. దుత్తలూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో వాళ్ల పల్లె. గొర్రెలు, నాలుగు ఆవులు, కాస్త మెట్టపొలం. ఆయన కూతురు చెంచులక్ష్మి ఈ హాస్టల్లోనే చదువుకుంది. అప్పట్లో ఆ పిల్ల పాదం మీద మరిగే గంజి ఒలికిపోతే మా పెద్దమ్మే నెయ్యి రాసి నయం చేసింది. ఇప్పుడు ఆ పిల్ల తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది.

"కూర్చో అన్నా" అంది పెద్దమ్మ.

ఆయన కూర్చోలేదు. గడప బయటే నిలబడి చెప్పాడు.

"ఆడబిడ్డ పుట్టిందమ్మా. ఒంటినిండా కవరు చుట్టినట్టు ఉండాది. నెల్లూరు పెద్దాస్పత్రిలో కొన్నాళ్లు పెట్టుకున్నారు. ఈ పొర పగిలి రాలిపోతాది, కింద చర్మం ఉంటాది, అది వచ్చేదాకా ఒళ్లు ఎండిపోకండా చూసుకోండన్నారు. వాసనుండేది, మందుండేది ఏదీ రాయబాకండి, ఉత్తది రాయండన్నారు. జరమొస్తే మాత్రం పరిగెత్తుకోని రమ్మన్నారు. ఇచ్చిన ట్యూబులు అయిపోయినాయి. మా చెంచులక్ష్మి నీ నెయ్యి కావాలని ఏడస్తా ఉండాది."

"డాక్టరు ఒప్పుకున్నాడా?"

"ఉదయగిరి డాక్టర్ని అడిగినా. కాచి చల్లార్చిన నీళ్లతో కడిగితే సరేనన్నాడు."

"ఊళ్లో ఏమంటా ఉండారు?"

మునెయ్య తల దించుకున్నాడు. "పాముకుబుసం బిడ్డ అంటా ఉండారు."

పెద్దమ్మ పింగాణీ గిన్నెను తువ్వాల్లో చుట్టి, ఇంటికి తాళం వేసి, నన్ను కూడా బయల్దేరదీసింది.

ఆ పల్లెలో మా వాళ్ల పాలెం ఊరికి కాస్త ఎడంగా ఉంది. అక్కడ మా బంధువు రెబెకమ్మ ఇంట్లో దిగాం. మా తాతల కాలంలోనే మావాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు, చదువుకున్నారు, గుడి కట్టుకున్నారు. ఊరు మాత్రం మమ్మల్ని ఉంచిన చోటే ఉంచింది. ఈ సంగతి నేను ఎవరి మీదా నింద వెయ్యడానికి చెప్పడం లేదు. ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మునెయ్య ఇంటి వెనక పశువుల కొట్టంలో మాకు చోటు చూపించారు. మునెయ్య భార్య దేవకమ్మ నెయ్యి గిన్నె తెచ్చి రాయి మీద పెట్టి వెనక్కి జరిగేది. అప్పుడు పెద్దమ్మ తీసుకునేది. కాచి చల్లార్చిన నీళ్లు బిందెతో తెచ్చి, ఎత్తి పట్టుకుని పోసేది. కడగడం అయ్యాక పెద్దమ్మ ఆ నెయ్యిని స్టీలు డబ్బాలోకి తీసి రాయి మీద పెడితే, దాని మీద కాసిని నీళ్లు చల్లి దేవకమ్మ ఎత్తుకుపోయేది.

"పెద్దమ్మా, పోదాం పద. వీళ్లకి మనం నెయ్యి కడిగిపెట్టడం కూడానా" అన్నాను.

"మనమొచ్చింది వాళ్లకు బుద్ధి చెప్పేదానికా, బిడ్డకు నెయ్యి కడిగేదానికా?" అంది. అంత కోపిష్టి ఆ మాట అనడం నాకు ఇంకా కోపం తెప్పించింది.

బిడ్డను మేం వెనక వాకిట్లోంచే చూశాం. మెత్తటి పాత చీర మీద పడుకోబెట్టి ఉంది. నూనె కాగితం బిగించి అతికించినట్టు ఒళ్లంతా మెరుస్తోంది. ఆ బిగువుకు కనురెప్పలు బయటికి తిరిగిపోయి లోపలి ఎరుపు కనబడుతోంది. పెదాలు మూతపడవు. మెడ దగ్గర, మోచేతుల మడతల్లో, గజ్జల్లో పొర చీలి పచ్చిగా ఉంది. ఏడుద్దామన్నా నోరు సాగదు, సన్నగా మూలుగుతుంది. చెంచులక్ష్మి పాలు పిండి చెంచాతో పోస్తోంది. లోపలికి పోయేది తక్కువ, పక్కకి కారిపోయేది ఎక్కువ. ఆ ఎండల్లో, ఆ చర్మంతో, ఒంట్లోని తడి ఎంతసేపు నిలుస్తుంది? ఆ బిడ్డ బతుకు ఎంత మెత్తగా ఉంచగలమనేదాని మీదే ఆధారపడి ఉందని నాకు కూడా అర్థమైంది.

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పెద్దమ్మ నెయ్యి కడిగేది, చెంచులక్ష్మి రాసేది. రాసేటప్పుడు పెద్దమ్మ కొట్టం దగ్గర్నుంచే చెప్పేది. "రుద్దబాకమే. పొర లాగబాక. దానంతట అది ఊడాల. నువ్వు ఊరికే పెట్టి వదిలెయ్." కొన్నాళ్లకు చీలికల అంచులు మెత్తబడ్డాయి. వేళ్ల మీది పొర పలచగా లేచింది. ఒక సాయంత్రం బిడ్డ పెదాలు దగ్గరకొచ్చి రొమ్ము పట్టుకుంది. చెంచులక్ష్మి పెట్టిన కేకకు గొర్రెలు బెదిరాయి. పెద్దమ్మ చేతిలోని గిన్నె పక్కన పెట్టి, కొంగు కళ్లకద్దుకుని, మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.

మర్నాడు చెంచులక్ష్మి అత్త వచ్చింది. గడప దగ్గరే నిలబడి బిడ్డను చూసి, మంచినీళ్లు కూడా తాగకుండా తిరిగిపోయింది. పోతూ పోతూ దేవకమ్మను ఒక్క మాట అడిగింది. "ఎవరి చేతి నెయ్యి రాస్తా ఉండారు?" మా వైపు చూసింది. "అందుకే తగ్గలా" అని జీపెక్కింది. ఆ తర్వాత దేవకమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ సాయంత్రం కడిగిన నెయ్యి రాయి మీద పెట్టి మేం పాలెంలోకి పోయాం. తెల్లారి వచ్చేసరికి వాకిలినిండా జనం. లోపల్నుంచి బిడ్డ ఏడుపు. అన్నాళ్లూ మూలిగిన బిడ్డ ఇప్పుడు నోరు తెరిచి అరుస్తోంది. మెడ కింద, మడతల్లో, నెయ్యి తగిలిన ప్రతి చీలికా నిప్పులా ఎర్రబడి ఉబ్బిపోయింది. ఒళ్లు కాలిపోతోంది.

"ఏం కలిపినావే దాంట్లో?" మునెయ్య పెద్దమ్మ మీదికొచ్చాడు. "మా బిడ్డని చంపేదానికొచ్చినావా? పోండి ఈడ్నించి. ఇంక మా గడపలోకి రాబాకండి."

నేను ఏదో అనబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ముఖం పాలిపోయింది.

"నన్ను తర్వాత తిట్టు అన్నా. జరమొస్తే పరిగెత్తుకోని రమ్మన్నారు గదా. ముందు జీపు పిలువు."

ఊళ్లో ఉన్న ఒక్క జీపూ వచ్చింది. బిడ్డను తడిగుడ్డ కప్పి ఎత్తుకున్నారు. మమ్మల్ని ఎవరూ ఎక్కమనలేదు. చెంచులక్ష్మి జీపులో కాలు పెట్టి ఆగిపోయింది. "ఆయమ్మ రాకపోతే నేను ఎక్కను నాయనా" అంది. వాదించే వేళ కాదు. మునెయ్య మొహం తిప్పుకున్నాడు. మేం వెనక తలుపు దగ్గర ఇరుక్కుని కూర్చున్నాం. దేవకమ్మ మాకు ఎదురుగా, ఒళ్లో చేతులు ముడుచుకుని, నేల చూస్తూ కూర్చుంది.

దారిపొడుగునా బిడ్డ అరుస్తూనే ఉంది. పెద్దమ్మ తన అరచేతులు తెరిచి చూసుకుంది. గోళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత నా చెవి దగ్గర గుసగుసగా అడిగింది.

"కరుణా, రెబెకమ్మకు ఊరుమిండి పచ్చడి నూరిచ్చినాను గదా. అంతా ఎండుమిరపకాయలే. అది ఎప్పుడు?"

"మొన్న. ఆ తర్వాత సబ్బేసి కడుక్కున్నావు. ఎన్నిసార్లో నెయ్యి కూడా కడిగావు."

"కారం పోదే. గోళ్లల్లో ఉంటాది. వంట చేసేదాన్ని, నాకు తెలీదా?" ఆమె మళ్లీ గోళ్లు చూసుకుంది. "ఈ చేత్తోనే చేసినానేమో."

నాకు భయం వేసింది. కాదని గట్టిగా చెప్పడానికి నాకూ ఏమీ తెలియదు. జీపులో అందరూ వింటున్నారేమోనని ఆమె చెయ్యి నా కొంగు కింద దాచాను.

ఉదయగిరి ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరు. బిడ్డను చూడగానే గోరువెచ్చటి నీళ్లు తెప్పించి, దూదితో ఒళ్లంతా మెల్లగా కడిగించాడు. జ్వరానికి మందు వేశాడు. అప్పుడు మా అందరి వైపూ తిరిగాడు.

"ఏం రాశారు? ఉత్త నెయ్యికి ఇలా కాదు. దాచకుండా చెప్పండి. ఏం తగిలిందో తెలిస్తేనే ఏం చెయ్యాలో నాకు తెలుస్తుంది. తప్పు చెబితే పోయేది ఈ బిడ్డే."

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆమె ముందుకొచ్చింది.

"నేనే సార్. మొన్న మిరపకాయలు నూరినాను. ఆ చేత్తోనే నెయ్యి కడిగినాను. నా వల్లే అయ్యుంటాది."

మునెయ్య పళ్లు కొరికాడు. డాక్టరు ఏదో రాసుకోబోయాడు. "కారమా? అయితే..." అని నర్సును పిలవబోతున్నాడు.

"ఆమె కాదు."

దేవకమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చిందని నమ్మడానికి మాకు కొంచెంసేపు పట్టింది.

"ఆమె కాదు సార్. నేను. రాత్రికి ఆ నెయ్యి మా దేవుడి కాడి రాగి పళ్లెంలోకి మార్చినాను. చింతపండేసి బాగా తోమినాను సార్, తళతళలాడేటట్టు. పసుపునీళ్లు చల్లి దేవుడి దగ్గిర పెట్టినాను. పొద్దున చెంచులక్ష్మి ఆదమరిచి నిద్రపోతా ఉంటే నేనే రాసినాను. అంచుల్లో పచ్చగా కనబడింది. పసుపు గదా అనుకున్నాను."

"చిలుమమ్మా అది. విషం. చింతపండు పులుపు రాగికి ఇంకా తొందరగా చిలుమెక్కిస్తుంది." డాక్టరు మళ్లీ దూది తీసుకున్నాడు. ఇంకోసారి, ఇంకా శ్రద్ధగా, మడతలన్నీ విప్పి కడిగించాడు. కడిగిస్తూనే విసుగ్గా అడిగాడు. "స్టీలు డబ్బాలో బాగానే ఉందిగా. రాగిలోకి ఎందుకు మార్చావు?"

దేవకమ్మ తల వంచుకుంది. మునెయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. చెంచులక్ష్మి తల్లి వైపు చూసి, మా వైపు చూసి, కళ్లు మూసుకుంది. డాక్టరు అడిగిన దానికి జవాబు ఆ గదిలో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. కాసేపటికి ఆయనకూ తెలిసింది.

పెద్దమ్మే మాట్లాడింది. అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది.

"అన్నిసార్లు కడిగినాను గదమ్మా. రంగు పోయింది, వాసన పోయింది. నా చెయ్యి మాత్రం పోలేదా?"

దేవకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

డాక్టరు చెప్పింది ఇదీ. సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి. జ్వరం దిగకపోతే నెల్లూరు తీసుకుపోవాలి, జీపు పంపించెయ్యొద్దు. కడిగిన ఒళ్లు ఎండిపోకుండా మళ్లీ ఏదైనా ఉత్తది రాయాలి. ఆస్పత్రిలో ఉన్న వాజలీను ఒక పూటకు కూడా రాదు. మునెయ్య ఉదయగిరిలోనే ఉన్న బంధువుల ఇంటికి పరిగెత్తి ఆవు నెయ్యి తెచ్చాడు. నర్సు కాచి చల్లార్చిన నీళ్లిచ్చింది. పొద్దున వెంట తెచ్చిన పింగాణీ గిన్నె, వరండాలో కూర్చున్న పెద్దమ్మ ఒళ్లోనే ఉంది.

ఆమె కదల్లేదు.

"ఆయమ్మా..." చెంచులక్ష్మి పిలిచింది.

"నేను కడగను."

వరండాలో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. లోపల బిడ్డ గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు అరుపు కూడా కాదు, గాలి పీల్చుకునే చప్పుడు. పెద్దమ్మ పంతం నాకు తెలుసు. ఎప్పుడూ దానికి నవ్వుకునేదాన్ని. ఆ క్షణంలో మాత్రం దేవుడా, ఈ మనిషిని ఎవరు కదిలిస్తారు అనుకున్నాను.

పెద్దమ్మ దేవకమ్మ వైపు చూసింది.

"నేనొక్కదాన్నే కడగను. నువ్వూ రా. ఇద్దరి చేతులూ దీంట్లో పడాల. ఎవరు ముట్టిన నెయ్యో ఎవరూ చెప్పలేకండా కడుగుదాం. అట్టయితేనే."

దేవకమ్మ భర్త వైపు చూడలేదు. జనం వైపూ చూడలేదు. నర్సు దగ్గర సబ్బడిగి మోచేతుల దాకా కడుక్కుంది. వచ్చి వరండా నేల మీద పెద్దమ్మకు ఎదురుగా చతికిలబడి గిన్నెలో చెయ్యి పెట్టింది. నేను నీళ్లు పోశాను. మొదట్లో ఇద్దరి చేతులూ గిన్నెకు ఆ అంచునొకటి, ఈ అంచునొకటి తిరిగాయి. నెయ్యి అలా లొంగదు. అది జారిపోతుంది, ముద్ద చీలిపోతుంది. కాసేపటికి ఒక చెయ్యి తోస్తే ఇంకో చెయ్యి అందుకోవడం మొదలైంది. దేవకమ్మ కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. పెద్దమ్మ ఆమెను ఓదార్చలేదు. "కన్నీళ్లు దీంట్లో పడనియ్యబాక. ఉప్పు మండుతాది" అంది, అంతే.

నెయ్యి తెల్లబడింది. జ్వరం దిగేదాకా నెయ్యి రాయొద్దని డాక్టరు ఉన్న వాజలీనే పైపైన రాయించాడు, ఆ జ్వరం మాత్రం దిగలేదు. మధ్యాహ్నం డాక్టరు వచ్చి చెయ్యి పెట్టి చూసి పోయాడు. మునెయ్య జీపు డ్రైవర్ని తిండికి కూడా పోనివ్వలేదు. ఎండ వరండాలోకి వచ్చి, మళ్లీ వెనక్కి జరిగింది. నేను గోడకు ఆనుకుని ప్రార్థన చేశాను. పక్కనే దేవకమ్మ తన దేవుళ్లను పిలుస్తోంది. ఎవరి మొర ముందు వింటే ఏం, వింటే చాలనుకున్నాను.

పొద్దు వాలేవేళకు చెంచులక్ష్మి బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది. చెమట పట్టింది. డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. మళ్లీ మళ్లీ చూశాడు. "దిగుతోంది" అన్నాడు. "ఇప్పుడు రాయండి. మెల్లగా."

చెంచులక్ష్మికి చేతులు ఆడటం లేదు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. బిడ్డను పెద్దమ్మ వైపు చాపింది. "నువ్వు రాయి ఆయమ్మా."

అన్నాళ్లలో పెద్దమ్మ ఆ బిడ్డను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆమె లేచి చేతులు కడుక్కోవడానికి పోయింది. సబ్బేసి కడుక్కుంది. వచ్చింది. బిడ్డ మీద చెయ్యి పెట్టబోయి, గోళ్లు చూసుకుని, వెనక్కి పోయి మళ్లీ కడుక్కుంది. వేలివేలినీ రుద్దింది. వాసన చూసుకుంది. మూడోసారి కొళాయి తిప్పబోతుంటే దేవకమ్మ వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"చాల్లే లిదియమ్మా. ఇంక కడుక్కోబాక. రా."

చెయ్యి పట్టుకునే తీసుకొచ్చి బిడ్డ పక్కన కూర్చోబెట్టింది. పెద్దమ్మ నెయ్యి తీసుకుని మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. బిడ్డ ఏడవలేదు.

ఆ బిడ్డ బతికింది. వానలు పడేనాటికి పొరంతా రాలిపోయి, కింద లేత చర్మం వచ్చింది. ఎండాకాలం అంటే కొంచెం ఇబ్బంది పడుతుంది, ఒళ్లు తొందరగా పొడిబారుతుంది, అంతే. మా పెద్దమ్మ ప్రతి సెలవులకూ పోయి చూసొచ్చేది. దేవకమ్మను ఆమె ఏనాడూ ఒక మాట అనలేదు. నేను మాత్రం దేవకమ్మను ఇప్పటికీ క్షమించలేదు. నెయ్యి చెడగొట్టినందుకు కాదు, అది తెలియక చేసింది. ఆ పొద్దున జీపులో మా పెద్దమ్మ తన చేతులు తనే వాసన చూసుకుంది చూడండి, అందుకు.